కార్ సీటులో దొంగజేబు

మా మనవరాలికి పుట్టిన అయిదో వారంలో పరీక్ష పెట్టారు. కుర్చీలో గంటన్నర కూర్చోవాలి. కూర్చోగలిగితే ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిస్తారు. లేకపోతే పంపించరు.

మా అమ్మాయి ఈ సంగతి చెప్పినప్పుడు నేను నమ్మలేదు. మెడ నిలవని పిల్లకు కూర్చునే పరీక్ష ఏమిటని అడిగాను. అప్పుడు విడమరిచి చెప్పింది. ఇక్కడ అమెరికాలో పసిపిల్లను ఒళ్ళో పెట్టుకుని కారెక్కడానికి లేదు. వెనక సీట్లో, వెనక్కి తిరిగి ఉండేలా బిగించిన చిన్న కార్ సీటులో ఉంచి బెల్టులు పెట్టాలి. అది పూర్తిగా పడకా కాదు, పూర్తిగా కుర్చీ కూడా కాదు. అందులో పసిపిల్ల తల ముందుకు వాలి, గడ్డం ఛాతీకి ఆనుకుంటే గాలి వెళ్ళే గొట్టం నొక్కుకుపోతుంది. గుండె బాగాలేని పిల్లలకు అది మరీ కష్టం. అందుకని ఇంటికి పంపేముందు వాళ్ళ సొంత సీట్లోనే కూర్చోబెట్టి, ఒంటికి వైర్లు తగిలించి, ఊపిరి, గుండె కొట్టుకోవడం, రక్తంలో ఆక్సిజన్ ఎలా ఉన్నాయో గంటన్నరసేపు చూస్తారు. మా ఇల్లు ఆష్‌బర్న్‌లో, ఆసుపత్రికి ముప్పావుగంట దూరం. ఇల్లు ఇంకా దూరమైతే ఇంకా ఎక్కువసేపు కూర్చోబెట్టేవారట.

పిల్ల గుండెలో ఒక రంధ్రం ఉంది. దానికి తోడు ఊపిరితిత్తులకు రక్తం వెళ్ళే దారి ఇరుకు. పుట్టిన పదో రోజున తొడ దగ్గరి రక్తనాళం గుండా లోపలికి వెళ్ళి, ఒక దారి మూసుకుపోకుండా సన్నటి గొట్టం నిలబెట్టారు. అసలు ఆపరేషన్ ఆరో నెలలో. అప్పటిదాకా పిల్ల పెరగాలి, బరువెక్కాలి. మామూలు పిల్లలకు మానిటర్ మీద ఆక్సిజన్ చూపించే నీలం రంగు అంకె వంద దగ్గర ఉంటుంది. మా పిల్లకు ఎనభై ఉంటే చాలన్నారు డాక్టర్లు. డెబ్బై అయిదు కంటే తగ్గకూడదు. ఈ నెలరోజుల్లో నేను పిల్ల ముఖం కంటే ఆ అంకెనే ఎక్కువ చూశాను.

నేను కుట్టుపని చేసి బతికినదాన్ని. ముప్పై ఏళ్ళు జాకెట్లు కుట్టాను. చాలాకాలం నాకు అక్షరాలు రావు. ఎవరి జాకెట్టో గుర్తుండటానికి ఒక్కొక్కరికి ఒక్కో రంగు దారం ముడివేసేదాన్ని. యాభయ్యో ఏట మా వీధి అంగన్‌వాడీ టీచరు దగ్గర, పిల్లలు నిద్రపోయే మధ్యాహ్నం వేళ కూర్చుని తెలుగు నేర్చుకున్నాను. మా అమ్మాయి పెళ్ళయిన కొత్తలో నేను ఇక్కడికి వచ్చినప్పుడు లైబ్రరీలో పెద్దవాళ్ళకు పెట్టిన క్లాసుకు వెళ్ళి ఇంగ్లీషు అక్షరాలు కూడా దిద్దాను. అక్కడి టీచరు ప్రతి అక్షరానికీ ఒక శబ్దం ఉంటుంది, శబ్దాలు కలుపుకుంటూ చదవమనేది. ఆ అలవాటుతో కంటికి కనిపించిన ప్రతిదీ చదువుతాను. పాల డబ్బా మీద రాసింది, లిఫ్టులో రాసింది, అన్నీ. చదువుకున్నవాళ్ళకు ఈ అలవాటు ఉండదు. వాళ్ళకు చూడగానే అర్థమైపోతుంది, అందుకని సగం చూడరు.

కార్ సీటు పిల్ల పుట్టకముందే ఇంటికి వచ్చింది. పిల్ల ఆసుపత్రిలో ఉన్న నెలరోజులూ అది హాల్లో సోఫా పక్కన ఖాళీగా ఉండేది. అమ్మాయి పిల్ల దగ్గరే ఉండిపోయేది. అల్లుడుగారు పొద్దున్నే నన్ను ఆసుపత్రిలో దింపడమో, నేను ఇంట్లో వంట చేసి సాయంత్రం క్యారేజీ పంపడమో జరిగేది. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు నా కళ్ళు ఆ ఖాళీ సీటు మీదికే పోయేవి.

ఒకరోజు చీరాలలో ఉన్న మా అక్క వీడియో కాల్‌లో పిల్లను చూసింది. చూసీ చూడగానే, "తల ఒకపక్క చపటగా ఉందేమే? ఆవాల దిండు వెయ్యలేదా?" అంది. వైర్లు, సూదులు ఉండటంవల్ల పిల్లను ఎక్కువగా ఒకే వైపు పడుకోబెట్టారు. కుడిపక్క కాస్త అణిగిన మాట నిజమే. ఆవాల దిండు గురించి నేను ముందే ఆసుపత్రిలో అడిగించాను. తొట్టిలో దిండు కాదు కదా, మడిచిన గుడ్డ కూడా ఉండకూడదని నర్సు చెప్పింది. ఊపిరాడకపోతే ప్రమాదమట. సరే అని ఊరుకున్నాను. కానీ మా అక్క, "నీ కూతురి తల గుండ్రంగా రాలేదూ? అంత దూరం వెళ్ళి నువ్వు చేసేదేముంది మరి?" అని ఒక మాట విసిరింది. ఆ మాట నాకు ముల్లులా దిగింది. గుండెకు డాక్టర్లున్నారు. తలకు నేనున్నాను కదా అనుకున్నాను.

తొట్టిలో వద్దన్నారు గానీ కార్ సీటులో వద్దని నాకెవరూ చెప్పలేదు. ఇండియన్ స్టోర్‌లో కొన్న ఆవాలు ఇంట్లోనే ఉన్నాయి. నా పాత నేత చీర చెంగు చింపి, అరచేయంత దిండు, పలచగా, వేలి మందాన కుట్టాను. సీటు మీది గుడ్డ విప్పడానికి వస్తుంది. దాన్ని విప్పి, తల ఆనే చోట లోపలివైపు ఒక దొంగజేబు కుట్టి, దిండు అందులో పెట్టి మూసేశాను. దొంగజేబంటే ప్రయాణాల్లో జాగ్రత్తగా దాచుకునే వాటికోసం బట్ట లోపల కుట్టే జేబు. మా ఊళ్ళో నా దొంగజేబుకు పేరుండేది. బయటినుంచి చేత్తో తడిమినా దొరకదు.

కుట్టే ముందు సీటు పక్కన అతికించిన పసుపు రంగు కాగితం చదివాను. కంటికి కనిపించింది చదవకుండా వదలనని చెప్పాను కదా. పై వరుసలో "డు నాట్" అని ఉంది. అది నాకు తెలుసు, చెయ్యొద్దని. ఆ తర్వాత ఏవో మాటలు, వాటి చివర పి, ఏ, డి. పడ్. మిగతా అక్షరాలు చూడలేదు. పడిపోవడం గురించి అయ్యుంటుందనుకున్నాను. బెల్టు పెట్టకపోతే పిల్ల పడుతుంది, పడనివ్వొద్దు అని. ఇంగ్లీషువాళ్ళు కూడా పడటాన్ని పడటమనే అంటారే అని ముచ్చటపడ్డాను కూడా.

పరీక్ష రోజున నేనూ అమ్మాయీ గదిలో ఉన్నాం. అల్లుడుగారు సీటు తెచ్చి ఇచ్చి ఆఫీసుకు వెళ్ళారు. నర్సు నడివయసు మనిషి, నెమ్మదస్తురాలు. సీటు వాలు ఎంత ఉందో కొలిచింది. భుజాల బెల్టులు ఏ రంధ్రంలోంచి రావాలో చూసి మార్చింది. పిల్ల నడుము వెనక్కి ఆనేలా కూర్చోబెట్టి, బెల్టు మెలిక పడకుండా సర్ది, ఛాతీ మీది క్లిప్పు చంకల ఎత్తుకు జరిపింది. బెల్టును రెండు వేళ్ళతో గిల్లి చూసింది. బెల్టు మడత వేళ్ళకు అందకపోతే బిగువు సరిపోయినట్టట. ఆ పని చూస్తుంటే నాకు మంచి దర్జీని చూసినట్టే అనిపించింది. చివర్లో అమ్మాయిని ఏదో అడిగింది. ఆ ప్రశ్నలో "ప్యాడింగ్" అనే మాట వినిపించింది. అమ్మాయి "నో, నో" అంది.

మొదటి అరగంట పిల్ల కళ్ళు తెరిచి దీపాలకేసి చూసింది. అంకె ఎనభై రెండు, ఎనభై ఒకటి మధ్య ఆడింది. తర్వాత నిద్రపోయింది. నిద్రలో మెడ వదులైంది. తల కొంచెం కొంచెంగా ముందుకు వాలింది. డెబ్బై ఎనిమిది, డెబ్బై ఆరు. నర్సు తల సర్దింది. అంకె పైకి లేచి మళ్ళీ దిగింది. డెబ్బై రెండు దగ్గర మానిటర్ మోగడం మొదలుపెట్టింది. నర్సు ఇంకోసారి సర్దింది. అరవై ఎనిమిది. ఇక చాలని బెల్టులు విప్పి పిల్లను ఎత్తి తొట్టిలో పడుకోబెట్టింది. పడుకోబెట్టగానే అంకె ఎక్కడి నుంచి దిగిందో అక్కడికి తిరిగి వచ్చింది.

"ఫెయిల్ అయిందమ్మా" అంది అమ్మాయి. చదువుకున్న రోజుల్లో ఒక్క పరీక్షలో కూడా ఆ మాట అనిపించుకోని పిల్ల తను.

కాసేపటికి డాక్టరమ్మ వచ్చింది. రేపు ఇదే వేళకు మళ్ళీ పరీక్ష పెడతామంది. ఆలోగా గుండెను ఇంకోసారి స్కాన్ చేస్తారు. లోపల నిలబెట్టిన గొట్టం సన్నబడిందేమో చూడాలి. మందు మోతాదు కూడా మార్చాల్సి రావచ్చు. రెండోసారీ ఇలాగే అయితే పూర్తిగా పడుకోబెట్టి తీసుకెళ్ళే కార్ బెడ్ తెప్పించాలి, లేదా ఇంకా కొన్నాళ్ళు ఆసుపత్రిలోనే ఉంచాలి. అమ్మాయి తలూపుతూ అన్నీ ఫోన్లో రాసుకుంది. డాక్టరమ్మ వెళ్ళాక రాసుకున్నది చూపించి, "గొట్టం సన్నబడితే మళ్ళీ తొడ దగ్గర కొయ్యాలమ్మా" అని, ముఖం గోడవైపు తిప్పుకుంది.

సాయంత్రం అల్లుడుగారు వచ్చారు. ఆయనది వరంగల్ వైపు. ఏ వస్తువు పాడైనా విప్పి చూస్తేగాని నిద్రపట్టని మనిషి. సీటులోనే ఏదో తేడా ఉందేమో, ఇంటికి తీసుకెళ్ళి చూస్తానన్నారు. అమ్మాయి పిల్ల దగ్గర ఉండిపోయింది. కారులో ముందు కూర్చోమన్నా వినకుండా నేను వెనక సీట్లో, ఆ ఖాళీ సీటు పక్కన కూర్చున్నాను. ఎండ ఇంకా ఉంది. రోడ్డు పక్కన కిటికీలు లేని పెద్ద పెద్ద డేటా సెంటర్లు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. నా కళ్ళు పసుపు కాగితం మీద పడ్డాయి. అలవాటుకొద్దీ మళ్ళీ చదివాను. ఈసారి చివరి మాటను మొత్తం కూడబలుక్కున్నాను. పి, ఏ, డి, డి, ఐ, ఎన్, జి. పరీక్షప్పుడు నర్సు నోట విన్న మాట చెవిలో మెదిలింది.

"బాబూ, పి ఏ డి డి ఐ ఎన్ జి అంటే ఏంటి?" అని అడిగాను.

"ప్యాడింగ్ అత్తమ్మా. ప్యాడ్ లెక్క, మెత్త. కంపెనీ ఇచ్చింది తప్ప వేరే మెత్తలేం పెట్టొద్దని రాసుంటది."

"పెడితే ఏమవుతుంది?"

"తల ముందుకొస్తది కదా. మళ్ళ యాక్సిడెంట్ అయితే బెల్ట్ లూజ్ అయితది" అన్నారు ఆయన, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే.

ప్యాడ్ అనే మాట నాకు తెలియనిది కాదు. కోటు భుజాలకు పెట్టే మెత్తను ప్యాడ్ అనే అంటాం. ముప్పై ఏళ్ళు నోటితో అన్న మాటను అక్షరాల్లో చూసి పోల్చుకోలేకపోయాను. వేలి మందమేగా అనుకున్నాను. పిల్ల తలే నా రెండు పిడికిళ్ళంత ఉంటుంది. ఆ తల వెనక వేలి మందమంటే ఎంతో అప్పుడు అర్థమైంది. పక్కనున్న సీటు మీద చెయ్యి వేసి, ఇంటికి వెళ్ళేదాకా తియ్యలేదు.

ఇంటికి రాగానే అల్లుడుగారు సీటును గ్యారేజీలో బల్ల మీద పెట్టారు. మాన్యువల్ తీసి, వాలు చూశారు, బెల్టులు లాగి చూశారు, గుడ్డంతా చేత్తో తడిమారు. ఆయన చెయ్యి తల ఆనే చోటికి వచ్చినప్పుడు నేను ఆ వేళ్ళనే చూస్తూ ఉన్నాను. దొరకాలని కోరుకున్నానో, దొరకకూడదనుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. దొరకలేదు. నా కుట్టు అంత బాగా కుదిరింది.

"సీటు మంచిగనే ఉంది అత్తమ్మా" అన్నారు చేతులు తుడుచుకుంటూ. "అంటే ప్రాబ్లం పాపలోనే ఉన్నట్టు."

మర్నాడు పొద్దున ఆయన పైగదిలో ఆఫీసు మీటింగులో ఉన్నారు. నేను చిన్న కత్తెర తీసుకుని సీటు ముందు కూర్చున్నాను. పది కుట్లు తెగ్గొడితే దిండు చేతిలోకి వస్తుంది. ఎవరికీ తెలియదు. ఈరోజు పిల్ల పరీక్ష నెగ్గుతుంది, సాయంత్రానికి ఇంటికొస్తుంది. నాలుగు కుట్లు తెగ్గొట్టాను కూడా.

అల్లుడుగారి మాట అడ్డం పడింది. ప్రాబ్లం పాపలోనే. డాక్టర్లు కూడా అదే అనుకుంటున్నారు. ఈపాటికి గుండెలో లేని తప్పు వెతుకుతుంటారు. అవసరం లేని మందు పెంచుతారేమో. నెగ్గినా, మొదటిసారి ఎందుకు పోయిందో తెలియక ఆ పిల్లను అనుమానంగా చూస్తూనే ఉంటారు. మా అమ్మాయి ఇంటికి వచ్చాక కూడా పిల్ల నిద్రపోయిన ప్రతిసారీ భయపడుతుంది. నేను తీసెయ్యగలిగింది దిండును మాత్రమే. వాళ్ళ కాగితాల్లోకి ఎక్కిన ఆ అరవై ఎనిమిదిని నా కత్తెర తియ్యలేదు.

కత్తెర పక్కన పెట్టి, సీటును అలాగే కారులోకి ఎక్కించాను. దారిలో అల్లుడుగారికి చెప్పలేదు. ఆయనకు చెబితే నా తరఫున ఆయనే మర్యాదగా చెప్పేస్తారు. చెప్పాల్సింది నేనే అనిపించింది.

ఆయన కారు పార్క్ చెయ్యడానికి వెళ్ళారు. నేను సీటు మోసుకుంటూ గదిలోకి వెళ్ళేసరికి నర్సు పిల్లకు మందు పడుతోంది. స్కాన్ మనిషి ఇంకో గంటలో వస్తాడని అమ్మాయి చెప్పింది. రాత్రి నిద్ర లేదని ముఖమే చెబుతోంది.

"నేను చెప్పేది ఈమెకు ఇంగ్లీషులో చెప్పు. ఆపకుండా చెప్పు" అన్నాను.

అమ్మాయి ఆశ్చర్యపోయి, సరే అంది. నేను తెలుగులో చెబుతుంటే ఒక్కో మాటా ఇంగ్లీషులోకి మారుస్తూ పోయింది. ఈ సీటు గుడ్డ నేను విప్పాను. తల ఆనే చోట ఒక జేబు కుట్టాను. జేబు అనేదాకా వచ్చి ఆగిపోయింది. నాకేసి తిరిగింది.

"ఏం పెట్టావమ్మా అందులో?"

"ఆవాల దిండు."

నర్సు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. అమ్మాయి ఆమెకు చెప్పలేదు. నన్నే చూస్తూ నిలబడింది.

"నిన్న నన్నడిగింది. ఎక్స్‌ట్రా ప్యాడింగ్ ఏమైనా ఉందా అని. లేదని చెప్పాను" అంది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది. "నాకొక్క మాట చెప్పొచ్చు కదమ్మా."

"వద్దంటావని చెప్పలేదు" అన్నాను. అదే నిజం.

అమ్మాయి నర్సువైపు తిరిగి మిగతాది చెప్పింది. నర్సు సీటు ముందు మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డ తిప్పి చూసింది. తెగిన నాలుగు కుట్లలోంచి వేలు దూర్చి, దిండు బయటికి లాగింది. అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ వంచితే ఆవాలు గలగలమన్నాయి. ఇదెందుకని అడిగించింది. తల గుండ్రంగా రావడానికి అన్నాను. ఈ జేబును మీరేమంటారని అడిగింది. అమ్మాయి ఒక క్షణం వెతుక్కుని, 'థీఫ్ పాకెట్' అంది. నర్సు పెదాలు బిగించింది గానీ నవ్వు ఆగలేదు. పదిహేనేళ్ళుగా ఈ పరీక్షలు చేస్తున్నాను, నా చేతిని ఇంత బాగా మోసం చేసిన కుట్టు చూడలేదు అందట. తర్వాత నవ్వడం మానేసి నా చెయ్యి పట్టుకుంది. ఆమె అన్నదాన్ని అమ్మాయి చిన్న గొంతుతో చెప్పింది.

"చెప్పినందుకు థాంక్స్ అంటోందమ్మా. చెప్పకపోతే వేరే కారణాలు వెతికేవాళ్ళమంటోంది."

నర్సు వెంటనే వెళ్ళి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. డాక్టరమ్మ నన్నేమీ అనలేదు. స్కాన్ ఎలాగూ చేస్తామని, మందు మాత్రం రెండో పరీక్ష అయ్యేదాకా మార్చబోమని చెప్పింది. తల సంగతి నేను అడగకపోయినా తనే ఎత్తింది. మేలుకుని ఉన్నప్పుడు మనిషి దగ్గరుండి పిల్లను బోర్లా పడుకోబెట్టవచ్చు, భుజాన వేసుకుని తిప్పవచ్చు, తొట్టిలో తల ఎటువైపు ఉందో రోజూ మార్చవచ్చు, తలలు వాటంతట అవే సర్దుకుంటాయి అంది. నా ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టుకోవచ్చా అని అడిగించాను. నిద్రపోనివ్వకుండా, ఎంతసేపైనా అంది. స్కాన్‌లో గొట్టం పెట్టినట్టే ఉందని మధ్యాహ్నానికి తెలిసింది.

అల్లుడుగారికి అమ్మాయే చెప్పింది. ఆయన సీటు గుడ్డ తిప్పి, ఖాళీ జేబులో రెండు వేళ్ళు పెట్టి చూసి, "మీరు మా ఆఫీసుల సెక్యూరిటీ టీమ్‌ల ఉండాల్సినోళ్ళు అత్తమ్మా" అన్నారు. అమ్మాయి నవ్వలేదు. మిగతా కుట్లన్నీ నేను అక్కడే కూర్చుని విప్పేశాను. దారం ముక్క కూడా మిగలకుండా ఏరాను. నర్సు గుడ్డనూ, దాని కింది సీటునూ పూర్తిగా చూసి, కంపెనీ కుట్టు ఎక్కడా తెగలేదని, వాడుకోవచ్చని చెప్పింది.

నిన్న పరీక్ష పెట్టిన వేళకే మళ్ళీ మొదలుపెట్టారు. అమ్మాయి సీటుకు అటువైపు, నేను ఇటువైపు. తను నాతో మాట్లాడటం లేదు. నేనూ కదిలించలేదు. పిల్ల కొంచెంసేపు నస పెట్టి, ఆవలించి, నిద్రపోయింది. మెడ వదులైంది. తల నెమ్మదిగా ఒక పక్కకు ఒరిగి, ఆగింది. వెనక అడ్డం లేదు కాబట్టి తల సీటులోకి ఒదిగింది. గడ్డం కింద చూపుడు వేలు పట్టేంత ఖాళీ ఉంది. ఎనభై. డెబ్బై తొమ్మిది. ఎనభై ఒకటి.

గంట దాటాక ఒకసారి డెబ్బై ఏడుకు దిగింది. పిల్ల నిద్రలో మూలిగింది. నర్సు చెయ్యి చాపి, తాకకుండా ఆగింది. సీటు మీదుగా అమ్మాయి చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా, గాజులు నొక్కుకునేంత గట్టిగా. డెబ్బై ఏడు. డెబ్బై ఏడు. డెబ్బై తొమ్మిది. ఎనభై రెండు. అంకె లేచాక కూడా అమ్మాయి చెయ్యి తియ్యలేదు. పిల్ల మాత్రం ఇవేవీ పట్టనట్టు నిద్రలో పెదాలు చప్పరించింది.

గంటన్నర అయ్యాక నర్సు కాగితం మీద ఏదో రాసి, అమ్మాయికి చూపించింది. అమ్మాయి దాన్ని నా ముందుకు జరిపింది. నాలుగే అక్షరాలు. పి, ఏ, ఎస్, ఎస్. ఈసారి తొందరపడకుండా చివరిదాకా చదివాను.

ఇంటికి వెళ్ళేముందు నర్సు జాగ్రత్తలు చెప్పింది. కారు బయట ఈ సీటులో నిద్రపుచ్చవద్దు. అవసరమైన ప్రయాణాలే చెయ్యాలి. మొదట్లో ప్రతి ప్రయాణంలోనూ పెద్దవాళ్ళొకరు పిల్ల పక్కనే కూర్చుని, గడ్డం ఛాతీకి ఆనుతోందా, పెదాల రంగు మారుతోందా అని కనిపెట్టుకుని ఉండాలి. అనుమానం వస్తే కారు పక్కకు ఆపి పిల్లను బయటికి తియ్యాలి. అన్నిటికీ ముగ్గురం తలలూపాం.

కింద కారు దగ్గర అల్లుడుగారు సీటు బిగించి, మూడుసార్లు ఊపి చూశారు. ఇంకోవైపు మందుల సంచి, పాలు తీసే మిషను పెట్టేసరికి వెనక ఒక్క మనిషికే చోటు మిగిలింది. అక్కడ అమ్మాయి కూర్చుంటుందని నేను ముందు తలుపు తీశాను.

"నువ్వు వెనక్కి వెళ్ళమ్మా" అంది.

నేను కదల్లేదు. దిండు దాచిపెట్టిన మనిషిని ఆ చోట కూర్చోమంటుందనుకోలేదు.

"నాకు దాన్ని చూస్తుంటే ఏడుపొస్తోంది. ఏడిస్తే సరిగ్గా కనిపించదు. నువ్వైతే సూదిలో దారం ఎక్కించినట్టు చూస్తావు" అంది. ఆగి, "ఏమైనా ఉంటే చెప్పు. చిన్నదైనా సరే, నేనేమంటానో అని చూడకు" అంది.

"చెప్తాను" అన్నాను.

అల్లుడుగారు కారును ఎంత మెల్లగా నడిపారంటే వెనకున్నవాళ్ళు హారన్ కొట్టి పక్కనుంచి వెళ్ళిపోయారు. దారిలో చెట్లు ఉన్నాయో, ఇళ్ళు వచ్చాయో నేను చూడలేదు. నా ముందున్నది ఒక గడ్డం, దాని కింద వేలెడంత ఖాళీ, రెండు పెదాలు, ప్రతి ఊపిరికీ లేచి దిగే పసుపు రంగు చొక్కా. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా అమ్మాయి ముందు సీట్లోంచి వెనక్కి తిరగకుండానే అడిగేది.

"అమ్మా?"

"ఖాళీ ఉంది. పెదాలు బాగున్నాయి."

మళ్ళీ కారు కదిలేది.